అవ్వ ముఖం నీళ్ల వైపు

నీళ్లు మా అవ్వ దగ్గర నుంచి తీసుకున్నవి ఇవి. రెండు గదుల మట్టి ఇల్లు. ఎకరంన్నర మెట్ట చెలక. ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి బావిలో మూడో వంతు. నాలుగు చింతచెట్లు. మోయలేక వదిలేసిన రాతి రోలు. ఆదివారం ఆదివారం పాస్టరు సైకిలు మీద వచ్చి ప్రార్థన చేయించే తడకల గుడిసె. ఆ గుడిసె వెనక పదకొండు సమాధులు. వాటిలో పది పెద్దవాళ్లవి. పదకొండోది మూడేళ్ల పిల్లది. ఆ పిల్ల మా అక్క.

మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. నేను రాస్తున్నది మా అమ్మ గురించే.

పోచంపాడ్ దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టినప్పుడు అవ్వ వాళ్ల ఊరు మునిగింది. అక్క జ్వరంతో పోయిన మరుసటి ఏడే నీళ్లు వచ్చాయి. అవ్వా బాపూ మూట కట్టుకుని బోధన్ పక్కన ఒక ఊరికి వచ్చి చెరుకు కోతకు కుదిరారు. నేను ఇక్కడే పుట్టాను. అక్కను చూడలేదు. ఫోటో కూడా లేదు. నాకు తెలిసిన అక్క ఒక కొలత మాత్రమే. అవ్వ నిలబడి, అరచెయ్యి నేలకేసి చాపి, "గింతుండె" అనేది. పనిలో చేరి కొత్తగా టేపు కొనుక్కున్నప్పుడు ఆ చేతి కింద పెట్టి కొలిచాను. రెండడుగుల పది అంగుళాలు. తర్వాత అవ్వకు నడుం వంగింది. ఆ చెయ్యి కూడా కిందికి దిగింది. చివరి రోజుల్లో మళ్లీ కొలిస్తే రెండడుగుల ఎనిమిది. అక్క రెండంగుళాలు తగ్గిందని అవ్వకు చెప్పలేదు.

మాది తాత కాలం నుంచి ప్రార్థనకు పోయే ఇల్లు. ఏడాదికి ఒకసారైనా పాస్టరు గారు తీర్పు దినం గురించి చెప్పేవారు. బూర ఊదుతారట. చనిపోయిన వాళ్లంతా లేస్తారట. రాజులూ కూలీలూ ఒకే సింహాసనం ముందు నిలబడతారు. గ్రంథాలు తెరుస్తారు. కాపరి మందను వేరు చేసినట్టు కొందరిని కుడికి, కొందరిని ఎడమకు పంపుతారు. ఆ రోజు సముద్రం కూడా తనలో ఉన్న మనుషులను తిరిగి అప్పజెప్పాలి. కుడి ఎడమల మాట వచ్చినప్పుడు గుడిలో అందరూ తలలు దించుకునేవాళ్లు. అవ్వ మాత్రం సముద్రం మాట వచ్చినప్పుడు కదిలి కూచునేది.

ఒకసారి ప్రార్థన అయ్యాక పాస్టరు గారిని గుమ్మం దగ్గర ఆపేసింది.

"అయ్యగారూ, వాక్యంల సముద్రం అని ఉన్నది గదా. డ్యాం నీళ్లు గందుల్ల లెక్కకొస్తయా?"

"వస్తయమ్మా. దేవునికి సముద్రమెంత, డ్యామెంత?"

"గట్ల గాదు, సక్కగ చెప్పుండ్రి. మొన్న గేట్లెత్తిండ్రు. నీళ్లు కిందికి పోయినయి. ఇగ నా బిడ్డను అప్పజెప్పే జిమ్మేదారి పోయిన నీళ్లదా, ఉన్న నీళ్లదా?"

బయట చెప్పులు వేసుకుంటున్న వాళ్లు నవ్వారు. బాపు అయితే, "అయ్యగారికి అన్నం తినే టైమయింది, ఇడువు" అన్నాడు. పాస్టరు గారు నవ్వలేదు. "ఏ నీళ్లయినా సరే తల్లీ, అప్పజెప్పకుండ ఎటూ పోలేవు" అన్నారు.

అవ్వకు ఆ జవాబు చాలింది. కానీ ఇంటికి వచ్చే దారిలోనే ఇంకో దిగులు మొదలైంది.

"లేస్తది. గది నాకు తెల్వదా? లేచినంకనే నా బాధంత. లోకమంత ఒక్కకాడ నిలబడ్తది. అది జనాన్ని చూస్తే ఏడ్సేది. సంతకు తీస్కపోతే నా కొంగు ఇడవకపోయేది."

నేను అప్పుడే బడిలో భాగహారం నేర్చుకున్నాను. కొత్త పలుగు దొరికినవాడికి కనబడిన చోటల్లా తవ్వాలనిపించినట్టు, నాకు ప్రతిదాన్నీ భాగించాలనిపించేది. మనిషికి ఒక్క నిమిషం చొప్పున తీర్పు చెప్పినా మా ఊరికి రెండు రోజులు, లోకానికి వేల ఏళ్లు పడుతుందని పలక మీద లెక్క వేసి అవ్వకు చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అవ్వ పలక వంక చూసి, "అన్నేండ్లు అది ఒక్కతే నిలబడ్తదారా?" అంది.

బాపు పలక లాక్కుని కొంగుతో తుడవమని అవ్వకే ఇచ్చాడు. "నీ లెక్కలు పొయ్యిల పెట్టు. అక్కడ గడియారముంటదారా?"

అవ్వ తుడిచింది. తుడుస్తూనే తనకు కావలసింది ఏమిటో తేల్చుకుంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ మాట మార్చలేదు. "లేవంగనే నేను దాన్ని సూడాలె. అది ఏడ్వకముందే." కుడివైపు నిలబెడతారా ఎడమవైపా అన్నది ఆ తర్వాతి సంగతి. ముందు పిల్ల కంటబడాలి.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఇప్పుడు ఇళ్లకు ముగ్గు పోస్తాను. అంటే పునాది తవ్వే ముందు తాళ్లు కట్టి, సున్నం పొడితో గోడల గీతలు వేస్తాను. ఇటుకలెన్ని పడతాయి, ట్రాలీ మీద చెరుకు ఎన్ని టన్నులుంటుంది, ఇవి చూసి చెప్పడం నాకు నేనుగా నేర్చుకున్నాను. చేతికి నాలుగు రూపాయలు రావడం మొదలయ్యాక ఒక మే నెలలో అవ్వను మునిగిన ఊరికి తీసుకెళ్లాను. ఎండలు ముదిరితే డ్యాం నీళ్లు వెనక్కి పోతాయి, పాత ఊళ్ల రాళ్లు బయటపడతాయి.

నిజామాబాద్‌లో బస్సు మారి, తర్వాత ఆటో ఎక్కి, చివర్న నెర్రెలిచ్చిన బురద మీద నడిచాం. అవ్వ చెప్పులు చేత పట్టుకుంది. బావి ఒర ఒకటి మూతి వరకు ఒండ్రుతో నిండి కనబడింది. "గిది మనదే" అంది. దాన్ని పట్టుకుని గుడిసె ఎక్కడుండేదో, దాని వెనక సమాధులు ఎటు మొదలయ్యేవో చేతులతో చూపించింది. నేను తాడు పరిచాను. ఒండ్రు కింద ఒక్క రాయి కూడా తగల్లేదు.

కొంచెం దూరంలో వలలు ఆరేస్తున్న ఒకతను అరిచాడు. "ఏం ఎతుకుతున్నవవ్వా? బంగారమా?"

"బంగారమే బిడ్డా."

"దొరికితే సగం నాకియ్యాలె మరి. జాగ నాది."

"నీకు పనికిరాదు. నువ్వు చేపలు పట్టుకో పో."

చివరికి ఒక చోట ఆగింది. అదే చోటని నేను ఒట్టు వేయలేను, అవ్వ వేయగలదు. అక్కడ కూచుని మట్టి మీద చెయ్యి పెట్టింది. ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏడవలేదు. ఎండకు కళ్లు చిట్లించి, "ఇక్కడికెల్లి సూస్తే ఇప్పటి మన ఊరి సమాధుల తోట ఎటుంటది?" అని అడిగింది. నైరుతి వైపు చూపించాను. "అంటే అక్కడికెల్లి సూస్తే ఇది ఈశాన్యం మూల." అవునన్నాను. తర్వాత మా ఊరి బడి గోడ మీది జిల్లా పటంపై దారం పెట్టి కొలిచాను. మా సమాధుల తోట నుంచి ఆ చోటికి, అడ్డం ఏమీ లేకుండా సూటిగా గీత గీస్తే, నలభై కిలోమీటర్లు.

మాలో మనిషిని పాతిపెట్టేటప్పుడు తల పడమరకు, కాళ్లు తూర్పుకు పెడతారు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడని నమ్మకం. లేచి కూచోగానే ఎదురుగా ఆయన కనబడాలి. అయితే మా ఊళ్లో తూర్పు అంటే ఆ రోజు పొద్దు పొడిచిన చోటు. ఎవరైనా పోతే తెల్లవారగానే సంఘపెద్ద వెళ్లి, సూర్యుడు లేచిన వైపుకు ఒక కర్ర పాతుతాడు. ఆ కర్రకు తాడు కట్టి గుంతకు గీత గీస్తారు. ముత్తాతల నుంచి ఇదే పద్ధతి.

బాపు మిరుగం రోజుల్లో, జూన్‌లో పోయాడు. ఆయన సమాధికి సిమెంటు చేయిస్తున్నప్పుడు వరుసలు వంకరగా ఉన్నాయని నాకు తోచింది. పునాదులు వేసేవాడి కంటికి వంకర ఊరికే పోదు. ఒక్కో రాయి మీద ఉన్న నెల చదువుకుంటూ తిరిగాను. ఎండాకాలంలో పోయినవాళ్ల కాళ్లు ఉత్తరం వైపు జరిగి ఉన్నాయి. చలికాలంలో పోయినవాళ్లవి దక్షిణానికి. సూర్యుడు ఏడాది పొడుగునా ఒక్క చోట లేవడు కదా. చెయ్యి ముందుకు చాపి, బొటనవేలు నుంచి చిటికెన వేలి దాకా జాన పరిచి కొలిస్తే, అసలు తూర్పుకు అటొక జాన, ఇటొక జాన తేడా ఉంది. రాయి మీద పేరు చెరిగిపోయినా ఆ మనిషి ఏ కాలంలో పోయాడో సమాధి చూసి చెప్పొచ్చు.

ఈ సంగతి అవ్వకు అక్కడే చెప్పాను.

"అంటే ఎండకాలం పోయినోళ్లు పోచంపాడ్ దిక్కు ఎక్కువ సూస్తరా?"

"ఒక జాన ఎక్కువ చూస్తరవ్వా."

అవ్వ బాపు సమాధి వంక చూసింది. "ఈయన సూడు, నాకంటె ముందుగాల మంచి జాగ పట్టుకున్నడు. బస్సుల గూడ గిట్లనే సేసేటోడు." తర్వాత కొంగు సర్దుకుని, "నేను గూడ ఎండకాలమే పోత" అంది.

"అది నీ చేతిల ఉన్నదా?"

"లేదు. అడుగుత గదా."

ఆ తర్వాత ప్రతి మే నెలా అవ్వ కొంచెం ఆశగా గడపడం నేను చూశాను. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. మొదటి వాన పడితే, "ఈ ఏడు గూడ అయిపాయె" అని నిట్టూర్చి పసుపు చేనులో కలుపుకు పోయేది.

అవ్వ జనవరిలో పోయింది. క్రిస్మస్ అయిన మూడో వారం, చెరుకు ట్రాలీలు రోడ్డు నిండా ఉన్న రోజుల్లో. సూర్యుడు దక్షిణానికి దాదాపు కొసదాకా వెళ్లి లేస్తున్నాడు. నేను సమాధుల తోటకు చేరేసరికి సంఘపెద్ద కర్ర పాతేసి, తువ్వాల చుట్టుకుని నిలబడి ఉన్నాడు. బాపు పక్కన అవ్వ కోసం ఉంచిన చోటు అది. నేను బాపు సమాధి దగ్గర నిలబడి చెయ్యి చాపాను. ఆ కర్ర నుంచి అక్క ఉన్న దిక్కుకు మూడు జానలు, ఆ పైన బెత్తెడు. బెత్తెడంటే నాలుగు వేళ్లు. ఏడాదిలో అవ్వకు ఇంతకన్నా దూరమైన పొద్దు దాదాపు లేదు.

"గీత గియ్యి" అన్నాడు పెద్ద.

"పెద్దన్నా, గిది తూర్పు కాదు."

"పొద్దు పొడిసింది తూర్పు కాకపోతే పడమరనా?"

"గిది ఇయ్యాల్టి తూర్పు. మిరుగంల తూర్పు గక్కడుండె. బాపుకు కర్ర పాతింది నువ్వే గదా."

"ఇండ్లకు ముగ్గు పోసి పోసి, ప్రభువుకే మూలమట్టం పెడ్తవారా?"

"ప్రభువుకు కాదన్నా. నీ కర్రకు."

పలుగులు పట్టుకున్న ఇద్దరూ మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వారు. పెద్దకు కోపం వచ్చింది. అవ్వ కోరిక ఆయనకు తెలియంది కాదు. ఊళ్లో అందరికీ తెలుసు. "సూడు, మీ అవ్వ మాట నేను కాదంటలేను. కాని అందరు ఒక్క దిక్కు లేవాలె. పెండ్లి ఫోటోల ఒక్కలు పక్కకు సూసినట్లు ఉంటే మంచిగుంటదా?"

నేను ఆయన్ను చెయ్యి పట్టుకుని రెండో వరుస దగ్గరకు తీసుకెళ్లాను. అక్కడ ఆయన అన్నా తమ్ముడూ పక్కపక్కన ఉన్నారు. అన్న మే నెలలో, తమ్ముడు డిసెంబరులో పోయారు. రెండు సమాధుల తలలు దగ్గరగా, కాళ్లు దూరంగా, విప్పిన కత్తెరలా ఉన్నాయి. పెద్ద అటూ ఇటూ రెండుసార్లు చూశాడు.

"ఏందిరా ఇది. బతికినన్ని రోజులు ఎడమొకం పెడమొకమే. ఇప్పుడు గూడనా?"

తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. వెనక్కి వచ్చి తన చేత్తోనే కర్ర పీకాడు. "నడిమి తూర్పుకు పెట్టు. అంతకు మించి జరిపితే నేను మన్ను పొయ్య." మాట మీద నిలిచే మనిషి. ఒక జాన దొరికింది. ఇంకా రెండు జానలు, బెత్తెడు.

నాతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మేస్త్రీ, బోధన్ పాత బస్తీ ముస్లిం ఇంటివాడు, పొద్దున్నే వచ్చి గట్టు మీద కూచున్నాడు. అవ్వ చేతి అన్నం తిన్నవాడు. గీత వేయడానికి తాడు రెండో కొస పట్టుకుని, నా దగ్గరగా వచ్చాక మెల్లగా అన్నాడు.

"అన్నా, మా కబరస్తాన్ల మనిషిని ఉత్తర దక్షిణం పండవెడ్తం. మొకం కిబ్లాకు, అంటే మక్కా దిక్కుకు తిప్పుతం. గుంత ఒక దిక్కు, మొకం ఒక దిక్కు. మొకం తిప్పితే గుంత వంకర పోదు గదా."

నేను తాడు వదిలేసి అతని వంక చూశాను. ఇన్నేళ్లు కొలిచిన నాకు ఆ మాట తట్టలేదు. నా ధ్యాసంతా గుంత మీదే ఉంది.

పెద్దకు చెప్పాను. ఆయన ఆకాశం వైపు చూసి, "పెట్టె లోపలి సంగతి ఇంటోళ్లది. నేను సూస్తలేను" అన్నాడు. నిజంగానే ఆఖరి చూపు వేళ వీపు తిప్పి నిలబడ్డాడు.

పెట్టెను గుంత పక్కన, గుంత ఎటుంటే అటే దించారు. మా ఆవిడ అవ్వ ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని ఎడమవైపు, ఈశాన్యానికి తిప్పింది. కుడి చెవి వెనక అవ్వ పాత చీర మడత పెట్టింది. నేను వెనకవైపు, తల దగ్గర మోకాళ్ల మీద కూచుని చెయ్యి చాపి కొలుస్తున్నాను. ఒక జాన. జానన్నర. చీర ఇంకో మడత వేసింది. రెండు జానలు. అక్కడ మెడ ఆగింది.

"ఇంక బెత్తెడు" అన్నాను.

మా ఆవిడ అవ్వ నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి దువ్వింది. "చాలు తియ్యి. మెడ నొస్తది" అంది.

నేను చెయ్యి దించాను. పెట్టె మూశారు. పాట పాడారు. మొదటి పిడికెడు మన్ను పెద్ద వేశాడు, తర్వాత నేను, తర్వాత మేస్త్రీ.

అవ్వ లేచినప్పుడు మొదట చూసేది నన్ను కాదని నాకు తెలుసు. ఆ వరుసలో నాకు మిగిలిన చోటు ఆమెకు కుడివైపున ఉంది. నేను అటు పడుకుంటే ఆమె జడ ముడి నాకు కనబడుతుంది. చిన్నప్పుడు చెరుకు తోటకు ఆమె వెనక నడుస్తూ చూసింది కూడా అదే. ఆమె ముందు ఏ దిక్కుకు చూస్తూ నడిచేదో అప్పుడు తెలియదు. మళ్లీ ఒక్కసారి ఆ వెనక నడవాలని ఉంటుంది. ఎండలో, చెరుకు ఆకు చేతులను కోస్తుండగా, ఎంత దూరమో అడగకుండా.

ఈ మే నెలలో నీళ్లు తగ్గినప్పుడు ఒక్కణ్నే అక్కడికి వెళ్లాను. బావి ఒర ఈసారి కనబడలేదు. వలలతను ముసలివాడయ్యాడు. "అవ్వ రాలేదా?" అని అడిగాడు. లేదన్నాను. అతను బీడీ ఇవ్వబోయాడు. నేను తాగనన్నాను. అతని పక్కనే కూచున్నాను.

అక్కడ కూచునే లెక్క పూర్తి చేశాను. చాచిన చెయ్యి రెండడుగులు. బెత్తెడు మూడంగుళాలు. అంటే ఎనిమిదో వంతు. రెండడుగుల దూరంలో మూడంగుళాల తేడా వస్తే, నలభై కిలోమీటర్ల దూరంలో అది ఐదు కిలోమీటర్లవుతుంది. బూర ఊదిన రోజు అవ్వ లేచి కూచుని సూటిగా చూస్తే, ఆ చూపు అక్క ఉన్న చోటికి ఐదు కిలోమీటర్లు కుడిగా, ఎండాకాలంలో కూడా నీళ్లు ఆరని చోట పడుతుంది. చుట్టూ లోకమంతా నిలబడి ఉంటుంది. పిల్ల మూడేళ్లది. జనాన్ని చూస్తే ఏడుస్తుంది.

అక్కడ గడియారం ఉండదని బాపు అన్నాడు. దూరం ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పలేదు. ఉంటే, నేను లేవగానే కుడి ఎడమల పిలుపు కోసం ఆగను. నడవడం నాకు అలవాటే. గుర్తుపట్టడానికి కొలత కూడా నా దగ్గర ఉంది. రెండడుగుల పది అంగుళాలు, ఎనిమిది కాదు. ఎత్తుకుని తెచ్చి అవ్వ చూపు పడే చోట నిలబెడతాను.

అంతవరకు అవ్వకు నేనింకా ఐదు కిలోమీటర్లు బాకీ.